ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య – ఊరు కదిలిన కథ

పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా వెలువడే ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని మన సంఘ కార్యవర్గం వారు నన్ను కోరారు. భీమవరం వాణ్ణి కనుక మోగల్లు అల్లూరి వారి బిడ్డ సీతారామరాజు గారిని గురించి గాని, మన కళాశాలకు పేరైన దంతులూరి నారాయణరాజు గారిని గురించి గాని రాస్తానని మిత్రులు చాలామంది అనుకున్నారు. ఆ ఇద్దరి కథలూ మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలిసినవే. నేను ఎంచుకున్నది మరొకరిని. నాటి కృష్ణా జిల్లాలో పుట్టి, మన రాజమండ్రిలో కొంతకాలం పాఠాలు చెప్పి, చీరాలలో ఒక ఊరి జనాన్నంతా ఒక్క తాటిపై నడిపి, నలభై ఏళ్లు నిండకుండానే కన్నుమూసిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిని.

నేను ముప్ఫైనాలుగేళ్లు పురపాలక శాఖలో, అందులో ఎక్కువ భాగం పన్నుల విభాగంలో పనిచేశాను. అసెస్‌మెంటు రిజిస్టర్లు, డిమాండు నోటీసులు, బకాయిల జాబితాలు, మార్చి నెల వచ్చిందంటే రాత్రింబవళ్లు వసూళ్లు. ఇదీ నా ఉద్యోగ జీవితం. పన్ను వసూలు చేసి బతికినవాడు పన్ను కట్టవద్దని ఊరినే లేవదీసిన మనిషి గురించి రాయడమేమిటని మా ఇంట్లోవాళ్లే నవ్వారు. వారు నవ్వడంలో తప్పులేదు. అయితే నా దృష్టిలో గోపాలకృష్ణయ్య గారి కథ పన్ను ఎగవేత కథ కాదు. ప్రజాస్వామ్యంలో సామాన్య పౌరుడి పాత్ర ఏమిటి, దానికి ఎంత ఖరీదు చెల్లించాలి, ఎక్కడ అది తడబడుతుంది అనే మూడు సంగతులూ అందులో ఉన్నాయి. అందుకే రాస్తున్నాను.

బాల్యము, విద్య

గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2వ తేదీన నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో జన్మించారు. పుట్టిన మూడవ రోజునే తల్లి, మూడేళ్లు నిండేసరికి తండ్రి గతించారు. నాయనమ్మ, పినతండ్రి పెంచి పెద్దచేశారు. చిన్ననాటి చదువు కూచిపూడిలోను, గుంటూరులోను సాగింది. కూచిపూడి గాలి సోకినందువల్లనేమో, ఆయనకు ఆటపాటలన్నా, నాట్యశాస్త్రమన్నా చివరివరకు ప్రాణం.

హైస్కూలు చదువు ముగిశాక ఆయన కొద్దికాలం బాపట్ల తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. మనబోటివాళ్లకు ఇది తెలియవలసిన విషయం. ఆయన కూడా ఒకప్పుడు ఫైళ్లు కట్టిన మనిషే. ఆ ఉద్యోగంలోనే ఉండిపోతే ఏ తాలూకా ఆఫీసులోనో హెడ్డుగుమాస్తాగా, అదృష్టం కలిసివస్తే తహసీల్దారుగా రిటైరై ఉండేవారు. కాని ఆయన చూపు మరోవైపు ఉంది. ఒక మిత్రుడి తోడ్పాటుతో 1911లో స్కాట్లాండు వెళ్లి ఎడింబరో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందారు. ఆ కాలంలోనే ఆనంద కుమారస్వామి గారితో పరిచయమైంది. వారిద్దరూ కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఆ గ్రంథాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం వారు ప్రచురించారు. తాలూకా ఆఫీసు గుమాస్తా ఆరేళ్లలో చేరిన ఎత్తు అది.

స్వదేశం వచ్చాక రాజమండ్రి ప్రభుత్వ ట్రైనింగు కళాశాలలోను, తరువాత బందరు జాతీయ కళాశాలలోను అధ్యాపకులుగా పనిచేశారు. రెండుచోట్లా ఎక్కువకాలం నిలవలేదు. పైవారికి తలవంచే స్వభావం ఆయనది కాదు. నెల జీతాన్ని వదులుకోవడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఆ రోజుల్లో సీమ పట్టా చేతిలో ఉన్న మనిషి నిజంగా కోరుకుంటే ఏ పెద్ద ఉద్యోగమైనా దొరికేది. ఆయన దానిని కోరలేదు. చీరాల చేరి, అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే పేరుతో సాహిత్య, కళా సభలు నడుపుతూ ఉండిపోయారు.

చీరాల, పేరాలలో పన్నుల గొడవ

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న జంట ఊళ్లు. ఇప్పుడవి బాపట్ల జిల్లాలో ఉన్నాయి. ఆనాడు గుంటూరు జిల్లాలోవి. రెండూ కలిసి ఒక యూనియనుగా ఉండేవి. జనాభా సుమారు 15 వేలు. వారిలో ఎక్కువమంది నేతగాళ్లు, చిన్న రైతులు, చేతివృత్తులవారు. యూనియనుకు వారు ఏటా కట్టే పన్ను నాలుగువేల రూపాయల వరకు ఉండేది. 1919లో నాటి మద్రాసు ప్రభుత్వం ఆ రెండు ఊళ్లనూ మునిసిపాలిటీగా మార్చింది. దానితో పన్నుల భారం ఒక్కసారిగా ఎనిమిది, పది రెట్లయింది.

పన్నుల విభాగంలో పనిచేసినవాడిగా ప్రభుత్వం వాదన కూడా చెప్పడం నా ధర్మం. ఊరు పెద్దదవుతోంది, పారిశుధ్యం కావాలి, రోడ్లు కావాలి, వైద్యం కావాలి, వీటన్నిటికీ డబ్బు కావాలి అన్నారు వారు. ఇందులో అబద్ధం లేదు. పన్ను లేకుండా ఏ పట్టణమూ నడవదు. కుళాయిలో నీళ్లు రావాలన్నా, మురుగు కదలాలన్నా, వీధి దీపం వెలగాలన్నా ఎవరో ఒకరు కట్టవలసిందే.

మరి చీరాల ప్రజల అభ్యంతరమేమిటి? యూనియను పన్ను వారు కడుతూనే ఉన్నారు. కట్టము అనలేదు. రోజంతా మగ్గం మీద కూర్చుంటే గాని పూట గడవని ఇంటిమీద ఎంత వేయవచ్చునో ఎవరు నిర్ణయించారన్నదే వారి ప్రశ్న. తమ ఊరికి మునిసిపాలిటీ కావాలో వద్దో తమను అడిగినవారు లేరు. అర్జీలు పెట్టుకున్నారు. ఫలితం లేకపోయింది. 1921 ఆరంభంలో కౌన్సిలర్లు రాజీనామా చేస్తే ప్రభుత్వం జీతం ఇచ్చి ఒక చైర్మన్‌ను నియమించి పని నడిపించింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1919 సంస్కరణల ప్రకారం 1920 చివరలో మద్రాసు రాష్ట్రంలో శాసనసభకు ఎన్నికలు జరిగాయి. స్థానిక స్వపరిపాలన శాఖ మొదటిసారిగా మన దేశీయుడైన మంత్రి చేతికి వచ్చింది. పానగల్లు రాజా గారు ఆ శాఖ చూసేవారు. ఆయన స్వయంగా చీరాల వచ్చి నచ్చజెప్పబోయారు కూడా. కాని ఆ ఎన్నికల్లో ఓటు హక్కు ఉన్నవారు రాష్ట్రం మొత్తం మీద 12 లక్షల పైచిలుకు. జనాభా నాలుగు కోట్లు. అంటే నూటికి ముగ్గురు. ఆస్తి, పన్ను లెక్కలనుబట్టి ఇచ్చిన ఓటు అది. పేరుకు స్వపరిపాలన. సాలె మగ్గం దగ్గర కూర్చున్నవాడికి అందులో చోటు లేదు. వాడి మాట వినిపించడానికి మిగిలిన దారి ఒక్కటే, వాడు స్వయంగా నిలబడడం.

నిలబడ్డారు. పన్ను కట్టమన్నారు. జప్తులు జరిగాయి. పన్నెండుమందిని జైలుకు పంపారు. ఆ పన్నెండుమందిలో ఒక స్త్రీ కూడా ఉంది. పన్ను ఎగవేసేవాడికి, పన్నును ఎదిరించేవాడికి తేడా ఇక్కడే ఉంది. ఎగవేసేవాడిని నా సర్వీసులో చాలామందిని చూశాను. బిల్లు కలెక్టరు వీధి మొదట్లో కనపడగానే ఇంటికి తాళం వేసుకొని పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోతాడు. మూడంతస్తుల ఇంటిని పెంకుటిల్లుగా రాయించుకొంటాడు. ఎదిరించేవాడు తలుపు తెరిచి పెట్టి, తన పేరు చెప్పి, శిక్షకు సిద్ధంగా నిలబడతాడు. మొదటివాడు తన భారం పొరుగువాడి మీద వేస్తాడు. రెండవవాడు పొరుగువాడి భారం కూడా తాను మోస్తాడు.

రామదండు

ఈ జనానికి నాయకత్వం వహించినవారే గోపాలకృష్ణయ్య గారు. ఆయన గొప్పతనం ఉపన్యాసాలతో ఆగిపోలేదు. హాస్యచతురుడు, పాటగాడు, ఆశువుగా పద్యం చెప్పగలవాడు. సీమలో అర్థశాస్త్రం చదివిన మనిషి జనంలోకి వెళ్లి వారి భజనలు, వారి పురాణాలు, వారి ఆటపాటల భాషలోనే రాజకీయం చెప్పారు. రామదండు అనే పేరుతో స్వచ్ఛంద సేవకుల దళాన్ని తయారుచేశారు. కాషాయ వస్త్రాలు, నుదుట తిలకం, మెడలో రుద్రాక్షలు వారి వేషం. రాముని దండులో కోతులు, ఉడుత కూడా పనిచేశాయి గదా. ఆ పేరులోనే సామాన్యుడికి ఒక చోటు ఉంది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశం జరిగింది. పింగళి వెంకయ్య గారు తమ జెండా నమూనాను గాంధీ గారికి చూపిన సమావేశం అదే. ఆ రోజుల్లో మైకులు లేవు, ఇనుప కంచెలు లేవు. పోటెత్తిన జనాన్ని అదుపులో ఉంచి సేవచేసింది రామదండు వారే. లాఠీ లేకుండా జనాన్ని క్రమశిక్షణలో పెట్టవచ్చునని దేశ నాయకులు అక్కడ చూశారు.

ఆ సమావేశమైన కొద్ది రోజులకే, ఏప్రిల్ 6వ తేదీన గాంధీ గారు చీరాల వచ్చారు. ఊరివారు తమ కష్టం చెప్పుకున్నారు. ఆయన రెండు దారులు చూపారు. ఒకటి, ఊళ్లోనే ఉండి పన్ను నిరాకరించి, వచ్చే కష్టాన్ని శాంతంగా భరించడం. రెండవది, మునిసిపాలిటీ హద్దులు దాటి ఊరు విడిచిపోవడం. ఏది చేసినా స్వశక్తి మీదనే చేయాలని, కాంగ్రెసు నుంచి ధనసహాయం ఆశించవద్దని కూడా స్పష్టం చేశారు. మునిసిపాలిటీ హద్దు లోపల ఇల్లుంటే గదా పన్ను? హద్దు దాటి కాపురం పెడితే ఆ మునిసిపాలిటీ ఎవరిని పన్నడుగుతుంది? ప్రజలు రెండవ దారి ఎంచుకున్నారు.

రామనగరం

1921 ఏప్రిల్ చివరి నుంచి జనం కదిలారు. ఉన్న 15 వేలమందిలో 13 వేల పైచిలుకు ఇళ్లు విడిచి వెళ్లారని లెక్క. ఊరి బయట పాకలు, పందిళ్లు వేసుకొన్నారు. దానికి రామనగరమని పేరు పెట్టుకొన్నారు.

ఇది చెప్పినంత సులువు కాదని గోదావరి జిల్లాల పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. వరద వచ్చినప్పుడు నాలుగు రోజులు గట్టుమీద తలదాచుకున్నవారికి ఆ కష్టం తెలుసు. ఇక్కడ వరద లేదు. తరిమినవారు లేరు. తమంతట తామే ఇల్లు వదిలారు. అదీ రోహిణీకార్తె ముంగిట. రోళ్లు పగిలే ఎండల్లో తాటాకు పాకలో పసిపిల్లలు, బాలింతలు, ముసలివారు. నేతగాడి మగ్గం గుంటలో ఉంటుంది. అది మూటకట్టి భుజాన వేసుకొనేది కాదు. కొత్త చోట గుంట తవ్వాలి, పడుగు చాపడానికి జాగా చూసుకోవాలి, గంజి ఆరడానికి ఎండ ఉండాలి. వానాకాలం వస్తే పాకలో మగ్గం తడుస్తుంది, పని ఆగుతుంది, కూలి ఆగుతుంది. ఇవన్నీ తెలిసే వారు కదిలారు.

అక్కడ పదకొండు నెలలు ఉన్నారు. ఒకరోజు ధర్నా కాదు, వారంరోజుల రిలే నిరాహారదీక్ష కాదు. పదకొండు నెలలు.

నన్ను అన్నింటికంటె ఆకర్షించిన విషయం, ఆ పదకొండు నెలలూ వారు ఊరిని ఎలా నడుపుకొన్నారన్నది. ఒక మునిసిపాలిటీని కాదన్నవారు అరాచకంగా బతకలేదు. అన్ని కులాల నుంచి ప్రతినిధులను ఎన్నుకొని ఒక సభ ఏర్పాటు చేసుకున్నారు. తగాదాలు తీర్చడానికి పంచాయతీ పెట్టుకున్నారు. రక్షణ, సేవ రామదండు చూసుకొంది. ఓటు హక్కు లేని మనుషులు, చదువు అంతంతమాత్రమైన మనుషులు, రెండు ఊళ్ల జనాన్ని తామే పాలించుకొన్నారు. రాజ్యాంగం రావడానికి ఇంకా ముప్ఫై ఏళ్లు ఉన్న రోజుల్లో జరిగిన పని ఇది. పాలన అనేది పైవారు చేసేదని, మనం చేయించుకొనేదని అనుకొనేవారందరూ ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

వీగిపోయిన చోటు

ఇంతవరకు మనం గర్వంగా చెప్పుకొంటాం. తరువాతి భాగం సాధారణంగా సభల్లో చెప్పరు. నేను చెబుతాను, ఎందుకంటే మనకు పనికివచ్చేది అదే.

రామనగరం నడవడానికి డబ్బు కావాలి. గోపాలకృష్ణయ్య గారు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేసేవారు. అలా తిరుగుతూ 1921లోనే బరంపురం వెళ్లినప్పుడు ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. ఒక సంవత్సరం శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపింది. ఆయన లేని రామనగరానికి చందా తెచ్చేవారు కరువయ్యారు, ధైర్యం చెప్పేవారు కరువయ్యారు. పాకలు పాతబడ్డాయి. రోగాలు, పస్తులు మిగిలాయి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన తరువాత గాంధీ గారు దేశమంతటా ఉద్యమాన్ని నిలిపివేశారు. చీరాల, పేరాల ప్రజలు ఒక్కొక్కరుగా పాత ఇళ్లకు తిరిగి వెళ్లారు. మునిసిపాలిటీ పోలేదు. పన్నూ కట్టక తప్పలేదు.

ఓడిపోయారా అంటే, ఆ రోజుకు ఓడిపోయారనే చెప్పాలి. మెత్తని మాటలతో దానిని దాచనక్కరలేదు. ఎందుకు ఓడిపోయారన్నదే ప్రశ్న. ప్రభుత్వం బలమైనది, నిజమే. కాని పదమూడువేలమంది మోసిన ఉద్యమం బరువంతా చివరకు ఒక్క మనిషి భుజాన పడింది. ఆ భుజాన్ని తొలగిస్తే చాలునని ప్రభుత్వానికి తెలిసిపోయింది. సభ ఉంది, పంచాయతీ ఉంది, దండు ఉంది. ఆయన వెంటనే మరొకరు, ఆ మరొకరి వెంట ఇంకొకరు నిలబడే ఏర్పాటు మాత్రం బలపడలేదు. నాయకుడు గొప్పవాడైనకొద్దీ వెనకవాళ్లు నిశ్చింతగా ఉండిపోయే ప్రమాదం ఎక్కువ.

జైలు నుంచి వచ్చాక కూడా ఆయన కాంగ్రెసులో పనిచేశారు. అప్పులు, దారిద్య్రం వెంటాడాయి. క్షయవ్యాధి సోకింది. 1928 జూన్ 10వ తేదీన, ముప్ఫై తొమ్మిదవ ఏట కన్నుమూశారు. ఉద్యోగాలు వదులుకొన్న మనిషికి పింఛను లేదు, ఆస్తి లేదు. ప్రజలు ప్రేమతో పిలుచుకొన్న ఆంధ్రరత్న అన్న పేరు మిగిలింది. విజయవాడలో కాంగ్రెసు వారి కార్యాలయానికి ఆంధ్రరత్న భవనమని పేరు. ఆ దారిన పోయేవారిలో ఆ రత్నం ఎవరో తెలిసినవారు ఎంతమందో నేను చెప్పలేను.

వారికి లేనివి, మనకు ఉన్నవి

చీరాల నేతగాడు ఏయే హక్కుల కోసం ఇల్లు వదిలాడో ఒక్కసారి లెక్క వేద్దాం. అతనికి ఓటు లేదు. మనకు 1950 నుంచి, ఆస్తి, చదువు, కులం, స్త్రీ పురుష భేదం లేకుండా ఓటు ఉంది. 1989 నుంచి పద్దెనిమిదేళ్లకే వచ్చింది. 2024 సార్వత్రిక ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారి దగ్గరకు ఎన్నికల సిబ్బందే వచ్చి ఇంటివద్ద ఓటు వేయించుకొన్నారు. అతని ఊరికి మునిసిపాలిటీ కావాలో వద్దో అడిగినవారు లేరు. మనకు 73వ, 74వ రాజ్యాంగ సవరణల వల్ల 1993 నుంచి గ్రామ పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగంలోనే స్థానం ఉంది. అతను అర్జీ పెడితే జవాబు రాలేదు. మనకు 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయలలోపు రుసుముతో అడిగితే ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇన్ని ఉండి మనం వాడుకొంటున్నది ఎంత? నా అనుభవం చెబుతాను. కొత్త పన్ను వేయాలన్నా, ఉన్న పన్ను పెంచాలన్నా ముందు ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు తెలుపుకోవడానికి గడువివ్వడం మన పురపాలక చట్టంలోని పద్ధతి. నోటీసు బోర్డు మీద ఆ కాగితం అంటించే పని నేను ఎన్నోసార్లు దగ్గరుండి చేయించాను. గడువు ముగిసేలోగా వచ్చే అభ్యంతరాలు చాలాసార్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. గడువు దాటి డిమాండు నోటీసు ఇంటికి చేరాక మాత్రం కౌంటరు ముందు కొట్లాట. వచ్చినవారిలో ప్రతి ఒక్కరూ తన ఇంటి పన్ను తగ్గించమని అడిగేవారే. మా వీధికంతటికీ ఎక్కువ వేశారు, లెక్క చూపించండి అని పదిమంది కలిసి వచ్చిన సందర్భాలు నాకు బాగా గుర్తున్నాయి. తక్కువ కాబట్టే గుర్తున్నాయి.

అలా పదిమంది వచ్చిన రోజున ఆఫీసులో గాలి మారేది. రిజిస్టరు బయటికి వచ్చేది. అధికారి కుర్చీ చూపించి కూర్చోమనేవారు. లెక్కలో తేడా ఉంటే సరిచేసేవారు, లేకపోతే ఎందుకు లేదో చెప్పి పంపేవారు. వచ్చినవారు కూడా పన్ను కట్టే వెళ్లేవారు. లోపల కూర్చొని చూసినవాడిగా చెబుతున్నాను. ఆఫీసు భయపడేది కేకలకు కాదు. తెలిసి అడిగే మనిషికి, మళ్లీ వస్తానని చెప్పి నిజంగా మళ్లీ వచ్చే మనిషికి.

మన పింఛను కథ కూడా ఇదే

ఇదంతా స్వాతంత్య్ర పోరాటం నాటి మాట, మనకెందుకని అనుకొనేవారికి మన సొంత ఉదాహరణ ఒకటి ఉంది. ఏటా డిసెంబరు 17న మనం పింఛనుదారుల దినోత్సవం ఎందుకు జరుపుకొంటున్నామో మన పిల్లలకు చెప్పామా?

1979లో కేంద్ర ప్రభుత్వం పింఛను లెక్కించే పద్ధతిని మెరుగుపరిచింది. అయితే ఆ లాభం 1979 మార్చి 31న గాని, ఆ తరువాత గాని రిటైరైనవారికే అన్నది. ఒక్కరోజు ముందు దిగిపోయినవాడికి లేదు. డి.ఎస్. నకారా అనే విశ్రాంత ఉద్యోగి, మరొక విశ్రాంతుడు, వారితోపాటు కామన్ కాజ్ అనే పౌర సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ సంస్థను స్థాపించిన హెచ్.డి. శౌరీ గారు కూడా పదవీ విరమణ చేసిన అధికారే. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తేదీ అడ్డుగోడను కొట్టివేసింది. పింఛను యజమాని దయతలచి ఇచ్చే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చింది.

వారు మంత్రులు కారు, కోటీశ్వరులు కారు. మనలాగే సర్వీసు చేసి ఇంటికి వచ్చినవారు. వారు అడిగినందువల్ల లక్షలమందికి న్యాయం జరిగింది. ఇందులో మరొక విశేషం కూడా ఉంది. వ్యక్తులతోపాటు ఒక సంస్థ కూడా కేసులో నిలబడింది. ఒకరు అలసిపోయినా పని ఆగకుండా ఉండడానికి సంస్థ కావాలి. రామనగరంలో కొరవడినది సరిగ్గా అదే.

మనం చేయదగినవి

మన సంఘ సభ్యులకు మూడు సంపదలు ఉన్నాయి. తీరిక ఉంది. నెలనెలా వచ్చే పింఛను ఉంది కనుక ఎవరికీ భయపడనక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఏ కాగితం ఏ బల్లమీద ఆగుతుందో మనకు తెలుసు. ఈ మూడూ ఒకేచోట ఉన్నవారు సమాజంలో మరెవరూ లేరు.

మన ఊరి యనమదుర్రు డ్రెయిను సంగతి తీసుకోండి. సాయంకాలం ఏ అరుగుమీద కూర్చున్నా ఆ మురుగు గురించి మాట్లాడనివారు లేరు. మాట్లాడి లేచి ఇంటికి పోతాం. ఆ మాట కాగితం మీదికి ఎక్కాలి. ఏ శాఖది, ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, మిగిలింది ఎప్పుడు చేస్తారు అని నలుగురి సంతకాలతో అడగాలి. జవాబు వస్తే చదవాలి, రాకపోతే అప్పీలు చేయాలి. పురపాలక సంఘం బడ్జెటు కాగితం తెచ్చుకొని సంఘ కార్యాలయంలో ఒక సాయంత్రం కూర్చొని చదవాలి. మన అకౌంట్సు మిత్రులకు అదొక గంట పని. పల్లెల్లో ఉన్న సభ్యులు గ్రామసభకు వెళ్లాలి. సవరణ జరిగినప్పుడల్లా ఓటర్ల జాబితాలో మన వీధి పేజీ చూసి, చనిపోయినవారి పేర్లు తీయించి, కొత్తగా పద్దెనిమిది నిండినవారి పేర్లు రాయించాలి. అర్జీ రాయడం రాని పక్కింటి అమ్మాయికి రాసి పెట్టాలి, రాయడం నేర్పాలి కూడా.

ఇంకొక మనవి. ఈ పనులు ఏవీ ఒక్క కార్యదర్శి గారి నెత్తిన వేయవద్దు. ప్రతి పనికీ ఇద్దరుండాలి, ఆ ఇద్దరికీ వెనక మరొక ఇద్దరు తయారవుతూ ఉండాలి. మన వయసులో ఈ జాగ్రత్త మరీ అవసరమని వేరే చెప్పనక్కరలేదు. చీరాల ప్రజలు పదకొండు నెలల కష్టానికి కొనుక్కున్న పాఠం ఇది. మనకు ఉచితంగా వచ్చింది.

పన్ను న్యాయమైనదైతే గడువులోగా కడదాం. అన్యాయమనిపిస్తే గడువులోగా అడుగుదాం. రెండూ పౌరుడి పనులే. గోపాలకృష్ణయ్య గారు తన ముప్ఫై తొమ్మిదేళ్లలో మనకు చూపింది ఇదేనని నేను నమ్ముతున్నాను. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో బడ్జెటు చదివే బృందానికి పేర్లు తీసుకోమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. మొదటి పేరు నాది రాసుకోవచ్చు, రెండవ పేరు కోసం చూస్తుంటాను.